సాంబ్రాణి నేర్చిన కందిరీగలు

ఇంద్రాణి పెంచిన కందిరీగలు చూడటానికి ఏమంత ఘనంగా ఉండవు. ఆవగింజకు రెక్కలు మొలిచినట్టుంటాయి. మనుషుల జోలికి రావు, వచ్చినా వాటి ముల్లు మన చర్మంలో దిగదు. గొంగళిపురుగుల లోకంలో మాత్రం వాటి పేరు చెబితే గుండెలు జారిపోవాలి. ఆడ కందిరీగ గొంగళి మీద వాలి, రెప్పపాటులో దాని ఒంట్లో గుడ్లు పెట్టి ఎగిరిపోతుంది. గొంగళి తనకేమీ తెలియనట్టు ఆకు తింటూ తిరుగుతుంది, లోపల పిల్లలు దాన్ని తింటూ పెరుగుతాయి. కొన్నాళ్ళకు దాని వీపు మీద బియ్యం గింజల్లాంటి తెల్లటి గూళ్ళు కనిపిస్తాయి. ఇంక ఆ గొంగళికి నీళ్ళు వదులుకోవలసిందే.

ఇదంతా ప్రకృతి ఏర్పాటే కానీ ఇంద్రాణి కనిపెట్టింది కాదు. ఆమె చేసిన పని వేరు. మామూలుగా ఒక్కో రకం కందిరీగకు ఒకటో రెండో రకాల గొంగళ్ళే లొంగుతాయి. మిగతావాటి ఒంట్లో గుడ్డు పెడితే, వాటి నెత్తుటి కణాలు గుడ్డు చుట్టూ మూగి ఊపిరాడకుండా చేసి చంపేస్తాయి. గుడ్డుతో పాటు కందిరీగ వదిలే విషం ఆ కణాలను నిద్రపుచ్చితేనే పిల్ల బతుకుతుంది. ఆ విషం ఒక్కో కందిరీగకు ఒక్కో రకం, ఏ తాళానికి ఆ చెవే. ఇంద్రాణి ఎనిమిదేళ్ళు ప్రయోగశాలలో కూర్చుని, అన్ని తాళాలకూ పట్టే దొంగతాళంచెవి లాంటి విషాన్ని తన కందిరీగ ఒంట్లో పుట్టించింది. మొక్కజొన్నను నాశనం చేసే కత్తెర పురుగు కానీ, టమాటా కాయను తొలిచే పురుగు కానీ, దాని ముందు ఏ గొంగళీ నిలవదు.

అంత శక్తి చేతికొచ్చాక పగ్గం లేకపోతే ఎలా? ఇంద్రాణి రెండు పగ్గాలు వేసింది. మొదటిది వాసన. ఈ కందిరీగ గూడు చీల్చుకుని బయటపడిన తొలి గడియల్లో ఏ వాసన తగిలితే, ఆ వాసన ఉన్న చోటికే పోతుంది. కత్తెర పురుగు కొరికిన మొక్కజొన్న ఆకును అప్పుడు దాని ముందు పెడితే, మొక్కజొన్న చేను తప్ప ఇంకో గడప తొక్కదు. తర్వాత ఎక్కడైనా ఒక పురుగును కుట్టిందంటే మాత్రం పాత పాఠం చెరిగిపోయి, ఆ కుట్టిన చోటి వాసనే దానికి కొత్త పాఠమవుతుంది. రెండో పగ్గం, మగవాటితో కలవని ఆడవాటినే చేలల్లో వదలడం. కందిరీగల్లో అలాంటి తల్లికి పుట్టేవన్నీ మగపిల్లలే. మగవాటికి కుట్టే ముల్లుండదు కాబట్టి ఒక్క తరంతో కథ ముగిసిపోతుంది.

ఈ రెండో పగ్గం సంగతి విని ఇంద్రాణి అక్క నాగరత్న పొట్ట పట్టుకుని నవ్వింది. "అందురూ మొగోళ్ళే పుడితే ఇంగ వంశం యాడ నిలబడతాది? బాగానే కనిపెట్టినావు పో."

నాగరత్నను ఇచ్చింది సుద్దకుంటపల్లెలో. చిత్తూరు పడమటి మండలాల్లో కొండల మధ్య ఉన్న ఊరు. ఆమె భర్త పాలవ్యాను తోలుతాడు, ఆమె మల్బరీ తోట పెట్టి పట్టుపురుగులు పెంచుతుంది. పట్టుపురుగులను చూసుకోవడమంటే చంటిపిల్లలను చూసుకోవడం లాంటిదే. ఎండ ఎక్కువైనా కష్టమే, ఆకు తడిసినా కష్టమే. అవి చర్మం విడవడానికి తిండి మానేసి పడుకుంటే ఆ ఊళ్ళలో "జ్వరం పడినాయి" అంటారు. నాలుగు జ్వరాలు దాటి లేచిన పురుగు ఆబగా తిని, పండి, గూడు కట్టేదాకా నాగరత్నకు కంటి మీద కునుకుండదు. ఆ ఏడాది రెండు పంటలు పోయాయి, ఒకటి ఎండకు, ఇంకొకటి పట్టుపురుగుల మీద గుడ్లు పెట్టే ఊజీ ఈగకు. "మూడోది కూడా పొయ్యిందంటే మల్బరీ పీకేసి బెంగుళూరుకు పోతా. ఏదన్నా బట్టల ఫ్యాక్టరీలో మిషను తొక్కుకుంటా" అంది చెల్లెలితో. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు.

ఇంద్రాణి పనిచేసే పరిశోధన కేంద్రం వాళ్ళు తొలిసారి కందిరీగలను వదలడానికి సుద్దకుంటపల్లెను ఎంచుకున్నారు. చుట్టూ మొక్కజొన్న ఉంది, కత్తెర పురుగు అంతకు మించి ఉంది. ఊళ్ళో పంచాయితీ పెడితే ఇంద్రాణి దాపరికం లేకుండా చెప్పింది. "అక్కా, పట్టుపురుగు కూడా గొంగళే. దీనికి అదీ లొంగుతుంది. కానీ మల్బరీ వాసన దీనికి తెలియదు, నీ ఇంటి వైపు రాదు" అంది.

చలపతి నాయుడు అడ్డం తిరిగాడు. ఊరికి తూర్పున మూడెకరాల మొక్కజొన్న ఆయనది. "పెంచేది పురుగులను, తెచ్చేది పురుగులను తినే ఈగలను. ఇదేం కాపురం మే? నా చేలో మాత్రం ఒక్క ఈగను కూడా వదలద్దండి."

"నీ చేలో వదలరులే మామా, మా మొక్కజొన్న చేలోనే వదులుతారు" అంది నాగరత్న. "నా చెల్లెలు పూచీ, దానికి నేను పూచీ. నా పురుగులకంటే నీకు పొయ్యేదేముంది?"

ఆ మాటతో ఊరు ఒప్పుకుంది. ఇంద్రాణికి మాత్రం అక్క అంత గట్టిగా నమ్మడం గుండెల మీద బరువుగా తోచింది.

*

కేంద్రంలో కందిరీగలు గూళ్ళ నుంచి వచ్చే గది ఒకటుంది. దానికి ఇంద్రాణి పెట్టిన మడి అంతా ఇంతా కాదు. తలలో పూలు పెట్టుకున్నవాళ్ళు లోపలికి రాకూడదు, నూనె రాసుకున్నవాళ్ళు రాకూడదు. వక్కపొడి నమిలి వచ్చినందుకు తన సహాయ పరిశోధకుడు షఫీని ఒకసారి గుమ్మం నుంచే తిప్పి పంపింది. "మా అత్తగారింట్లో కూడా ఇంత మడి లేదు మేడమ్" అని అతను గొణుక్కున్నాడు.

ఇంత మడీ ఆయుధపూజ నాడు గంగలో కలిసింది. మన ఆఫీసుల్లో ఆయుధపూజ తప్పించుకున్న యంత్రం ఏదైనా ఉందా? ఆ ఉదయం కేంద్రంలో జీపు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, మైక్రోస్కోపులకు బంతిపూల దండలు వేశారు, ఫ్రిజ్‌కు కుంకుమబొట్టు పెట్టారు. షఫీ ఏటేటా చేసినట్టే తన మోటారుసైకిల్ కడిగి తెచ్చి వరసలో నిలబెట్టాడు. డైరెక్టర్ భక్తవత్సలంగారు పట్టుపంచె కట్టుకుని, సాంబ్రాణి ధూపం పళ్ళెం పట్టుకుని గదిగదికీ తిరిగారు. మంచి మనిషి, కాస్త భక్తి ఎక్కువ. చివరికి ఇంద్రాణి గది ముందు ఆగారు.

"అన్నిటికీ చూపించి దీనికి చూపించకపోతే ఎలాగమ్మా? అసలు ఆయుధం ఇదే కదా."

ఇంద్రాణి ఒక్క నిమిషం తటపటాయించింది. గూళ్ళు ఇంకా మూసి ఉన్నాయి, కందిరీగలు రేపు కానీ రావు. గూటిలో ఉన్నదానికి వాసన తెలియదు. పూజ కాగానే తలుపులు తీసి గది ఆరబెడితే సరిపోతుంది. పండగపూట పెద్దాయన మనసెందుకు నొప్పించాలి? "రండి సార్" అంది.

గది చిన్నది, పొగ కమ్మేసింది, నిప్పుల వేడికి గూళ్ళు కూడా వెచ్చబడ్డాయి. హారతి వెలిగించి గంట కొడుతుండగా షఫీ గాజుపెట్టెల వైపు చెయ్యి చూపించాడు. గూళ్ళ మూతలు లేస్తున్నాయి. ఒకటీ అరా కాదు, పెట్టెల నిండా నల్లటి చుక్కలు పాకుతూ బయటికి వస్తున్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. భక్తవత్సలంగారి కళ్ళు చెమర్చాయి. "ముహూర్తం చూసుకుని పుట్టాయమ్మా, ఇంతకంటే శుభశకునం ఏం కావాలి" అన్నారు. ఇంద్రాణి కూడా చేతులు జోడించింది. ఎనిమిదేళ్ళ కష్టం కళ్ళ ముందు రెక్కలు విప్పుకుంటుంటే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. పూజ అయ్యాక గబగబా మొక్కజొన్న ఆకులు తెచ్చి పెట్టెల్లో పెట్టింది. వాసన మీద పుస్తకం రాయగలిగిన మనిషికి ఆ గదిలో గుప్పుమంటున్న వాసన తట్టనే లేదు. చిన్నప్పటి నుంచీ పీల్చిన సాంబ్రాణి ఆమెకు వాసనలా కాదు, పండగలా అనిపించింది.

మిగిలిన గూళ్ళు మర్నాడు విచ్చుకున్నాయి. పాఠం బాగా పట్టిందో లేదో చూడడానికి షఫీ కొన్నింటిని తీసి పరీక్ష పెట్టాడు. అతని చేతికి అందినవి ఆ మర్నాటివే. అన్నీ బుద్ధిగా మొక్కజొన్న వైపే నడిచాయి. ఇంకేం, బయలుదేరమన్నారు.

*

శుక్రవారం పొద్దున ఎండ పొడవగానే నాగరత్న వాళ్ళ చేలో పెట్టెలు దించారు. ఊరికి పడమటి పక్క చేను అది. తూర్పు నుంచి సన్నగా గాలి వీస్తోంది. మొవ్వుల్లో కత్తెర పురుగులు రెట్టలు వేసుకుంటూ హాయిగా కాపురముంటున్నాయి. ఇంద్రాణి వంగి ఒక మొక్క పక్కనే కూర్చుంది, మొదటి కాటు తన కళ్ళతో చూడాలని.

షఫీ మూతలు తీశాడు. కందిరీగలు అంచుల మీదికి ఎక్కి మీసాలు ఆడించాయి. కొన్ని, నిజంగా కొన్నే, మొక్కజొన్న మీద వాలాయి. మిగిలినవన్నీ గాలికి ఎదురుతిరిగి, ఎవరో పిలిచినట్టు ఊరి వైపు వెళ్ళిపోయాయి.

"మేడమ్, ఇవి మన చెప్పుచేతల్లో లేవు" అన్నాడు షఫీ.

ఇంద్రాణి ఒక ఆకు తుంచి నలిపి గాల్లో ఆడించింది. ఒక్కటీ వెనక్కి రాలేదు. గాలికి ఎదురుగా ఏముందో ఆమెకు తెలుసు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గట్ల మీద పరుగెత్తింది.

ఊరికి పడమటి అంచున పట్టుపురుగుల షెడ్డు ముందు నాగరత్న నిలబడి ఉంది. తలస్నానం చేసి తువ్వాలు చుట్టుకుంది. గడప బయట మట్టి ధూపదాని పెట్టి ఉంది, పొగ లేస్తోంది. శుక్రవారం శుక్రవారం ఆమె అలా పెడుతుంది, లోపల మాత్రం పెట్టదు, పొగ పురుగులకు పడదని. ధూపదాని అంచు మీద, గోడ మీద, తలుపుకు కట్టిన వల మీద నల్లటి చుక్కలు. ఆ వల ఊజీ ఈగ రాకుండా కట్టింది. ఈగ పట్టదు కానీ ఆవగింజ పడుతుంది. కొన్ని కందిరీగలు వల కన్నాల్లోంచి దూరి లోపలికి పోతున్నాయి. లోపల నాలుగో జ్వరం లేచిన పురుగులు అరల నిండా, వేలు లావున, తెల్లగా, లోకం పట్టకుండా మేస్తున్నాయి.

"ఇంద్రా, ఇవి నీ ఈగలే గదా" అంది నాగరత్న.

ఇంద్రాణి ఊపిరి పీల్చింది. సాంబ్రాణి. ఆ చిన్న గది, హారతి, చప్పట్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "మావే అక్కా. పూజలో పుట్టాయి. సాంబ్రాణి పాఠం నేర్చుకున్నాయి" అంది.

వెనకే వచ్చిన షఫీ ఆయాసపడుతూ, "జీపులో మందు స్ప్రేయర్ ఉంది, తెస్తాను" అన్నాడు.

"మందు కొడితే ఈగలు చస్తాయి, నా పురుగులు బతుకుతాయా?" అంది నాగరత్న. "పక్క చేలో కొట్టిన మందు ఆకు మీద పడితేనే తెల్లారేసరికి నల్లగా సాగిపోతాయి." చెంబుతో నీళ్ళు తెచ్చి ధూపం మీద పోయబోయింది.

ఇంద్రాణి చెయ్యి పట్టుకుంది. "ఆర్పొద్దక్కా. ఇది ఆరితే వాసన ఇంకెక్కడుందని వెతుక్కుంటూ లోపలికే పోతాయి. నీ గడపకీ తలుపుకీ ఎన్నేళ్ళ పొగ పట్టి ఉంది. ఇవి ఇంకా దేన్నీ కుట్టినట్టు లేదు, కుట్టాయంటే ఆ వాసనే నేర్చుకుంటాయి, ఇంక ఇక్కడ్నుంచి కదలవు. ఈలోగా తీసుకుపోవాలి."

"యాడికి తీసుకుపొయ్యేది?"

"ధూపం ఎక్కడికి పోతే అక్కడికి వస్తాయి. గాలికి ఎదురుగా పోవాలి, అప్పుడే వాటికి పొగ తగులుతుంది. మొక్కజొన్నలోకి పోవాలి."

గాలికి ఎదురుగా అంటే తూర్పు. తూర్పున ఉన్నది చలపతి నాయుడి చేను. అక్కచెల్లెళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాగరత్న వేడి ధూపదానిని తలకు చుట్టిన తువ్వాలులో పట్టుకుని ఎత్తింది. వీధిలోకి పోతూ గొంతెత్తి పిలిచింది. "ఇండ్లల్లో సాంబ్రాణి ఏసినోళ్ళందురూ ఎత్తుకుని రాండమ్మా. నా పురుగులను కాపాడాల. అడిగేది తరువాత అడుగుదురు గానీ, ముందు రాండి."

శుక్రవారం కాబట్టి ఏ ఇంట చూసినా ధూపమే. ఆడవాళ్ళు వచ్చారు. తడి జుట్లతో, పసుపు కాళ్ళతో, ఎవరి ధూపం వాళ్ళు పట్టుకుని నాగరత్న వెంట నడిచారు. ఇంద్రాణి వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచింది. మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత పొగలో నల్లటి నలుసులు ఆడుతూ కనిపించాయి. గోడ మీదవి లేచాయి, వల మీదవి లేచాయి. అక్క అడుగు ముందుకు వేస్తే పొగ వెనక్కి సాగుతోంది, ఆ పొగను పట్టుకుని కందిరీగలు వస్తున్నాయి. షఫీ షెడ్డు దగ్గరే ఉండి, ధూపం తాకిన గడపను తడిగుడ్డతో తుడిచి తుడిచి, లోపల వాలినవాటిని మెత్తటి కుంచెతో సీసాలో పట్టుకుంటున్నాడు.

చలపతి నాయుడు గట్టు మీద వేపపుల్ల నములుతూ కూర్చుని ఉన్నాడు. పొగల ఊరేగింపును చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందిమే ఇది? అమ్మోరినేమన్నా తోలుకొస్తా ఉండారా?"

నాగరత్న ఆయన ముందు ఆగింది. "మామా, మా వల్ల తప్పు జరిగింది. ఈగలు చేను ఇడిసిపెట్టి నా పురుగుల కాడికి వొచ్చినాయి. నీ చేలో దించనిస్తే నా పంట దక్కుతాది. నువ్వు వద్దన్నావని నాకు గురుతుండాది. అయినా అడగతా ఉండా."

ఇంద్రాణి తల వంచుకుంది. ఆయన ఏమన్నా పడవలసిందే అనుకుంది. ఆయన నోట్లోని వేపపుల్ల తీసి పక్కన ఉమ్మాడు. పొగ వెనకాల ఆడుతున్న నలుసులను చూశాడు, వేళ్ళు కాలుతున్నా దించకుండా నిలబడిన నాగరత్నను చూశాడు.

"గట్టు మీద నిలబడి అడిగితే ఏమొస్తాది? పురుగుండేది నడిమధ్యలో" అన్నాడు. "ఇట్ల తే ఆ కుండ. చెయ్యి బొబ్బలెక్కతా ఉండాది." పైపంచె తీసి చేతికి చుట్టుకుని, ధూపం అందుకుని, తనే ముందు నడిచి చేలోకి దారి తీశాడు. మూడెకరాల్లో మొక్కజొన్న మొవ్వులు జల్లెడల్లా ఉన్నాయి. నెల రోజులుగా ఏ మందూ పనిచేయక చూస్తూ కూర్చున్నాడని అప్పుడు తెలిసింది.

ధూపాలన్నీ మొక్కల మొదళ్ళలో దించారు. పొగ ఆకుల్లోంచి పైకి లేచింది. కందిరీగలు దాని చుట్టూ తిరిగి తిరిగి, ఆకుల మీద వాలాయి, మీసాలతో తడిమాయి. ఇంద్రాణి ఒక మొవ్వు మీదికి వంగింది. గొంగళి తల తిప్పింది. కందిరీగ నడుము వంచి ఒక్క పోటు పొడిచింది. ఆమె ఎనిమిదేళ్ళుగా గాజు వెనక చూసిన పోటే అది, కానీ ఎప్పుడూ ఇంత ముద్దుగా అనిపించలేదు.

అంతా అయ్యాక ఒక ధూపాన్ని ఎత్తి, కుట్టడం ముగించిన కందిరీగ పక్కకు తెచ్చింది. పొగ దాని మీదుగా పోయింది. అది రెక్కలు సర్దుకుని, పొగకు వీపు తిప్పి, పక్క మొవ్వులోకి దూరింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"మర్చిపోయాయి అక్కా. సాంబ్రాణి మర్చిపోయాయి" అంది ఇంద్రాణి. మొక్కజొన్న మధ్యలో నేల మీద కూలబడి ఏడ్చేసింది.

*

గండం చాలావరకు గడిచింది, పూర్తిగా గడవలేదు. వల దాటి లోపలికి పోయినవి ఎన్ని కుట్టాయో ఎవరికి తెలుసు? కుట్టిన పురుగు పైకి మామూలుగానే ఉంటుంది. గూడు కట్టే వేళకు కానీ మోసం బయటపడదు. కోసి చూడటం తప్ప దారి లేదు.

ఇంద్రాణి ఆ మాట అనకముందే నాగరత్న అర్థం చేసుకుంది. ఒక్కో అర నుంచి పురుగులను తనే ఏరి, మల్బరీ ఆకు మీద పెట్టి తెచ్చింది. "గట్టిగా పట్టుకోవద్దు మే" అంది. అన్నాక, ఇంక కోయబోయేదానికి ఆ జాగ్రత్త ఎందుకని ఆమెకే తట్టి, ముఖం పక్కకు తిప్పుకుంది.

ఇంద్రాణి చిన్న మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటీ చూసింది. లోపలి అరలవాటిలో ఏమీ లేదు. తలుపు పక్క అరలోంచి తెచ్చిన పురుగుల్లో గుడ్లు ఉన్నాయి. సన్నటి, వంపు తిరిగిన గుడ్లు, నెత్తుటి కణం ఒక్కటీ దగ్గరికి రావడం లేదు. తన విషం ఎంత చక్కగా పనిచేస్తోందో చూసి ఇంద్రాణి మైక్రోస్కోపు మీది నుంచి కళ్ళు తీసేసింది.

ఆ అర మొత్తం తీసెయ్యాలి. నాగరత్న ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తోట చివర గుంత తవ్వి, ఆకుతో సహా పురుగులను అందులో దించి, సున్నం చల్లి, మన్ను కప్పింది. అవి చివరిదాకా మేస్తూనే ఉన్నాయి. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మిగిలిన అరలకు ఆకు వెయ్యడానికి లేచింది. "దక్కినయ్యి ఆకలికి చూస్తా ఉంటాయి గదా" అంది.

*

కేంద్రంలో భక్తవత్సలంగారు జరిగినదంతా విన్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఒకటి ఆలోచించమ్మా. సాంబ్రాణికే పోయాయంటే మన వాసన పాఠం నూటికి నూరుపాళ్ళు పనిచేసిందనే కదా. ఇకపైన పూజ బయట చేద్దాం."

"పనిచేసింది సార్. నా భయం అదే" అంది ఇంద్రాణి. "ఎవరు ఏం చూపిస్తే అది నేర్చుకుంటాయి. మనం మంచి మనసుతో, తెలియక చేసిందే ఇంత దూరం పోయింది. రేపు ఎవరైనా తెలిసే మల్బరీ ఆకు చూపిస్తే? మగవాటితో కలిసినవాటిని వదిలితే? ఏ గొంగళినైనా చంపే విషానికి వాసన తాళం చాలదు."

"ఎనిమిదేళ్ళమ్మా."

"నాకు తెలుసు సార్."

ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "నేనా పళ్ళెం పట్టుకుని నీ గదిలోకి రాకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు."

"మీరు కాకపోతే ఇంకొకరు, సాంబ్రాణి కాకపోతే ఇంకొకటి పట్టుకుని వచ్చేవారు. తలుపు తీసింది నేనే సార్."

ఇద్దరూ కలిసే పై అధికారులకు చెప్పారు. వాళ్ళ అనుమతి రాగానే ఇంద్రాణి గాజుపెట్టెలు ఒక్కొక్కటిగా తనే మోసుకెళ్ళి వేడి ఓవెన్‌లో పెట్టింది. షఫీ సాయం వస్తానంటే వద్దంది. ఒకే రకం పురుగును కుట్టే మామూలు కందిరీగలను మాత్రం ఉంచుకుంది. వాటికి వాసన నేర్పే పని మిగిలింది, అది తప్పినా ఎవరి కొంపా మునగదు.

ఇన్ని చేసినా మనసు సుద్దకుంటపల్లెలోనే ఉంది. రోజూ ఫోను చెయ్యాలని తీసేది, అక్క ఏం చెబుతుందోనని పెట్టేసేది. చివరికి నాగరత్నే చేసింది. "పండినాయి మే. తలలెత్తి దారం తీస్తా ఉండాయి. గూళ్ళు కట్టుకునేదానికి చంద్రికల మీదికి ఎక్కించినా" అంది. గూళ్ళు ఎప్పుడు తీస్తావని ఇంద్రాణి అడిగింది.

గూళ్ళు తీసే రోజున ఇంద్రాణి వెళ్ళింది. వెదురు చంద్రికల నిండా తెల్లటి గూళ్ళు, నిండుగా, గట్టిగా. చలపతి నాయుడు కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తన చేలో పురుగు మటుమాయమైందట. "ఆ సాంబ్రాణి ఈగలు మళ్ళా ఎప్పుడు తెస్తావు?" అని అడిగాడు. "ఇంక లేవు మామా" అంటే, "అదేందిమే, ఇప్పుడే గదా నాకు నమ్మకం కుదిరింది" అని నొచ్చుకున్నాడు.

నాగరత్న ఒక గూడు తీసి చెల్లెలి చెవి దగ్గర ఊపింది. లోపల ప్యూపాగా మారిన పురుగు గట్టిగా, తేటగా చప్పుడు చేసింది, కందిరీగ పిల్లలు తిన్నదైతే ఆ చప్పుడుండదు. ఇంకోటి ఊపింది. ఇంకోటి. ఇంద్రాణి కళ్ళు మూసుకుని వింది.

"నీ పెట్టెల్లో మిగిలినయ్యి ఏం చేసినావు?" అని నాగరత్న అడిగింది.

"చంపేశానక్కా."

"నీ చేత్తోనేనా?"

"నా చేత్తోనే."

నాగరత్న గూళ్ళు ఏరుతూనే ఉంది. "గుంతలో పూడ్చిన నాడు నాకు అన్నం దిగలా. అంత పంట దక్కిందే, దానికి సంతోషపడక ఒక అర పోతే ఏందని మీ బావ అన్న్యాడు. ఆయనకేం తెలుసు. నీ ఈగలను చంపిన పొద్దు నువ్వు తిన్న్యావా?"

"లేదు."

"అంతే మే. పెంచినోళ్ళకు అంతే" అంది నాగరత్న. చేతులు దులుపుకుని లేచింది. "పా, సంగటి కెలికినా. చల్లారిపోతే బాగుండదు."

ఇద్దరూ పొయ్యి పక్కనే కూర్చుని తిన్నారు. ఇంద్రాణి రెండో ముద్ద అడిగి వేయించుకుంది.